అడవి ఎవరి కొరకు?

1983లో పులుల సంరక్షణ పథకమున చేరిన నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము 2014 రాష్ట్ర విభజనతో రెండైనది. తెలంగాణ వంతునకు వచ్చినది అమ్రాబాదు. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడి వ్యాపించిన ఈ అడవిని పులి కొరకే కాపాడుచున్నామనుకొనుట పొరపాటు. చిట్యాల వంటి మెట్టప్రాంతములలో ఎండకు మాడు మనకును అది కావలసినదే. చెట్టు బొగ్గుపులుసు గాలిని పీల్చి, అందలి కర్బనమును మ్రానునందును మట్టియందును దాచును. రాలిన ఆకు వాననీటిని నేలకు ఇంకించును. అడవిని నరికినచో ఈ మేలు పోవుటయే గాక, దాచిన కర్బనము తిరిగి గాలిలో కలియును. పొగ తగ్గింపక అడవిపైననే భారము మోపుటయు తగదు.

కావుననే యురేనియము త్రవ్వకము వలదని 2019 సెప్టెంబరులో శాసనసభ చేసిన తీర్మానము సమంజసము. కాని గనిని వలదన్న నోటితోనే చెంచులను పొమ్మందుమా? 2006 నాటి అటవీ హక్కుల చట్టము వారి హక్కును గుర్తించినది. తరలింపునకు వారి సమ్మతి కావలెను. మనుష్య సంచారము పులికి బెదురనువారు ఆ మాటను ముందుగా శ్రీశైలము రహదారికి, విహారయాత్రికుల వాహనములకు వర్తింపజేయవలెను. వేసవిలో చెలమ ఎచట ఊరునో, కార్చిచ్చు ఏ దిక్కున లేచునో ఎరిగినవారు చెంచులే.

ఉపాధ్యాయులు పిల్లలచేత పులి బొమ్మతోపాటు చెంచుపెంటను కూడ గీయింతురు గాక!