ఆన్‌లైన్‌లో కొన్న విత్తనం మొలవకపోతే ఎవరిని అడగాలి?

విత్తనాలు, పురుగు మందులు, స్ప్రేయర్లు ఇప్పుడు ఫోన్‌లోనే ఆర్డర్ చేస్తున్నాం. ఊళ్లో దుకాణంలో కొన్న విత్తనం మొలవకపోతే వెళ్లి నిలదీస్తాం. యాప్‌లో కొంటే అమ్మింది ఎవరో కూడా తెలియదు. అలాంటప్పుడు నిబంధనలు ఎంతవరకు ఆదుకుంటాయో రైతు సోదరులు ముందే తెలుసుకోవాలి.

కొనేటప్పుడు

2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం ప్రతి ప్లాట్‌ఫామ్‌ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. మీ ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఫిర్యాదుకు ఒక నంబరు ఇవ్వాలి. కొన్న తర్వాత మీరు రాతపూర్వకంగా అడిగితే అమ్మినవారి చిరునామా ఇవ్వాలి. "మేం మధ్యవర్తులం మాత్రమే" అనే జవాబుతో ఆగిపోకండి. ఆ చిరునామా చేతికొస్తే అమ్మినవారినీ, ప్లాట్‌ఫామ్‌నూ ఇద్దరినీ కేసులో చేర్చవచ్చు.

పురుగు మందుల ఆన్‌లైన్ అమ్మకాన్ని కేంద్రం 2022 నవంబరులో అనుమతించింది. అమ్మేవారికి లైసెన్సు ఉందో లేదో సరిచూసే బాధ్యతను ప్లాట్‌ఫామ్‌పైనే పెట్టింది.

రైతు కూడా వినియోగదారుడే

"వ్యవసాయం వ్యాపారం, కాబట్టి రైతు వినియోగదారుడు కాడు" అని కంపెనీలు వాదిస్తుంటాయి. ఆంధ్రప్రదేశ్ రైతులకు, జాతీయ విత్తన సంస్థకు మధ్య నడిచిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు పోదని చెప్పింది. విత్తనమంతా విత్తే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించలేమని కూడా స్పష్టం చేసింది. యాప్‌లో చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కే మనకు ఈ తీర్పు పెద్ద అండ.

2019 చట్టం వచ్చాక మరో మేలు జరిగింది. మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. కంపెనీ ఉన్న నగరానికి తిరగనక్కర లేదు. ఫీజును మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సరుకుకు చెల్లించిన సొమ్మును బట్టి లెక్కిస్తారు. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. అంటే రూ.3 వేల విత్తనం వల్ల లక్ష రూపాయల పంట పోయినా ఫీజు కట్టకుండానే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు.

అమ్మేటప్పుడు

ఇక్కడ రక్షణ తక్కువ. పంట అమ్మే రైతు కొన్నవారి దృష్టిలో వినియోగదారుడు కాడు. 2020 వ్యవసాయ చట్టాల్లో ఒకటి మార్కెట్ యార్డు బయటి, ఆన్‌లైన్ అమ్మకాల వివాదాలను సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు అప్పగించి, సివిల్ కోర్టుల తలుపు మూసింది. 2021లో ఆ చట్టం రద్దయింది. చాదర్‌ఘాట్ వంతెన దాటగానే ఉన్న మలక్‌పేట యార్డులాంటి చోట అమ్మితే తూకంలో, చెల్లింపులో తేడా వచ్చినప్పుడు మార్కెట్ కమిటీకి చెప్పుకోవచ్చు. ప్రైవేటు యాప్‌లో అమ్మితే ఆ అండ ఉండదు. యాప్ షరతులు, సివిల్ కోర్టు మాత్రమే మిగులుతాయి. అందుకే డబ్బు ఎప్పుడు వస్తుంది, నాణ్యత బాగాలేదంటే ఎవరు తేలుస్తారు అన్న రెండు విషయాలు సరుకు ఎత్తకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

రైతులు పాటించాల్సినవి

• బిల్లు, ఆర్డర్ నంబరు, చెల్లింపు రసీదు, లాట్ నంబరు ఉన్న సంచి పారేయకండి.
• మొలక రాకపోయినా, కల్తీ అనిపించినా పంట పొలంలో ఉండగానే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా చెప్పి తనిఖీ నివేదిక తీసుకోండి. దున్నేశాక రుజువు దొరకదు.
• ప్లాట్‌ఫామ్‌కు ఫోన్‌తో పాటు యాప్‌లో లేదా ఈ-మెయిల్‌లో కూడా ఫిర్యాదు చేయండి.
• నెలలో తేలకపోతే 1915కు ఫోన్ చేయండి. అక్కడా పని కాకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో గానీ, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో గానీ కేసు వేయండి.