హార్సిలీ కొండకు బస్సులు పెంచండి, కార్లు తగ్గించండి



ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి కడప, తిరుపతి, అనంతపురం ఊళ్లు పెనంలా కాలుతుంటాయి. రాత్రి పదకొండు దాటినా మేడగోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. అలాంటప్పుడు శనివారం పొద్దున్నే పిల్లల్ని కారెక్కించుకుని హార్సిలీ కొండకు బయలుదేరే కుటుంబాన్ని ఎవరు తప్పుపట్టగలరు? 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పోయినవారిలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వయసు మళ్లినవాళ్లు. అంతటి వేసవిని చూసిన జనానికి రెండు రోజుల చల్లదనం విలాసం కాదు, అవసరం. ఆ అవసరం కారున్నవాళ్లకే తీరుతోంది. కారు లేనివాళ్లకూ తీరాలంటే, కారున్నవాళ్లకు కూడా ఆ కొండ కొండగానే మిగలాలంటే, వేసవి శనాదివారాల్లో పైకి వెళ్లే సొంత వాహనాలకు పరిమితి పెట్టి కింది నుంచి బస్సులు నడపాలి.

ఈ చల్లదనం ఎక్కడిదో ముందు చూడాలి. హార్సిలీ కొండ సముద్రమట్టానికి దాదాపు 1,265 మీటర్ల ఎత్తున ఉంది. కడప పట్టణం ఎత్తు 150 మీటర్లు కూడా లేదు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన కడపలో 42 డిగ్రీలు కాసే మధ్యాహ్నం కొండమీద 35కు అటూ ఇటూ ఉండాలి. అంటే ఎత్తు ఇచ్చేది ఏడు డిగ్రీలే. మిగిలిన హాయి చెట్ల నీడది, గాలిబండ అనే రాతి మీద ఎదురుకొట్టే గాలిది, పొద్దు వాలగానే చల్లబడే మట్టిది. ఎత్తును ఎవరూ తీసుకుపోలేరు. చెట్లను, మట్టిని మాత్రం పాడుచేయడం సులువు. నేలమీద సిమెంటు పరిచి, ఏసీ వేసిన బండ్లను వరసగా నిలిపితే ఆ హాయి మన కళ్లముందే కరిగిపోతుంది.

ఈ ప్రాంతపు గాలికి పేరు ఇవాళ వచ్చింది కాదు. ఏనుగు మల్లమ్మ కొండగా చుట్టుపక్కల పల్లెలకు తెలిసిన ఈ చోటును 1860ల్లో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ వేసవి విడిదిగా ఎంచుకున్నాడు. ఆయన పేరే కొండకు నిలిచిపోయింది. కొండ కింది మదనపల్లె కూడా ఆ రోజుల్లో చల్లని ఊరే. క్షయరోగుల కోసం ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ఇక్కడ తెరుచుకుంది. 1919లో దక్షిణాది పర్యటనలో అలసిన రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లెలోనే కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నారు. జనగణమనకు ఇంగ్లిషు అనువాదం చేసింది కూడా అప్పుడే. మందులేని రోగానికి మంచి గాలే మందనుకున్న కాలంలో ఈ నేల మీద పెద్దలు పెట్టుకున్న నమ్మకం అది.

కొండమీద చోటు మాత్రం చాలా తక్కువ. ఊటీ ఒక పట్టణం. ఇక్కడున్నది చిన్న పల్లె, కొన్ని అతిథి గృహాలు, పర్యాటక శాఖ విడిది, చుట్టూ అడవి. మదనపల్లె చుట్టుపక్కల నేల అసలే వానలు తక్కువ పడే నేల. కొండమీది గంగోత్రి, మానస సరోవరం చెరువులు కూడా వానను నమ్ముకున్నవే. జనం ఎక్కువగా వచ్చేదీ, నీళ్లు అడుగంటేదీ ఒకే నెలల్లో. అడవి ఎండి నిప్పుకు సిద్ధంగా ఉండేదీ అప్పుడే. ఘాట్ మలుపులో ఎవరో ఆర్పకుండా విసిరేసిన సిగరెట్ ముక్క ఏం చేయగలదో శేషాచలం అడవుల మంటలు చూసిన సీమవాసులకు చెప్పనక్కర్లేదు.

పరిమితి అనగానే అదేదో వింత ఆలోచనలా చూడాల్సిన పనిలేదు. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో కోర్టు మరో అడుగు వేసింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊటీ ఉన్న నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, శనాదివారాల్లో 8,000 వాహనాలు. కొడైకెనాల్‌కు 4,000, 6,000. ప్రభుత్వ బస్సులకు, స్థానికుల బండ్లకు మినహాయింపు ఉంది. ముంబయి దగ్గరి మాథేరాన్ ఇంకా ముందుకెళ్లింది. అక్కడ పర్యాటకుల కార్లు దస్తూరీ నాకా దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత నడక, గుర్రం, లేదా చిన్న రైలు.

అంత దూరం వెళ్లడం దేనికి, తిరుమల మన ఇంటి పక్కనే ఉంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకున్న ఆ కొండకు ఇవాళ లక్షల మంది ఆర్టీసీ బస్సుల్లోనే చేరుకుంటున్నారు. 2022 నుంచి విద్యుత్ బస్సులూ తిరుగుతున్నాయి. అలిపిరిలో తనిఖీ ఉంటుంది, పైన ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు చోటు లేదు. వెంకన్న కొండమీద ఇన్ని నియమాలు పాటించే భక్తుడు మల్లమ్మ కొండమీద పాటించలేడా?

దుకాణాలవాళ్ల భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. 2025 ఏప్రిల్‌లో నీలగిరి వర్తకులు పరిమితిని నిరసిస్తూ బంద్ పాటించారు. అయితే టీ, మొక్కజొన్న పొత్తులు, భోజనం కొనేది మనుషులు, బండ్లు కాదు. ఒక కారులో నలుగురైదుగురు వస్తే, అలాంటి పది కార్ల జనం ఒక్క బస్సులో వస్తారు. బస్సు దిగినవాళ్లు కొండమీద నడుస్తారు, దారిలో ఆగుతారు, ఏదో ఒకటి కొంటారు. వృద్ధులకు, వికలాంగులకు, గదులు ముందే తీసుకున్నవారికి పాసులు ఇవ్వవచ్చు. కొండమీద ఉండేవారి బండ్లను అసలు లెక్కలోకే తీసుకోకూడదు.

రెవెన్యూ, అటవీ, పర్యాటక శాఖలు, ఆర్టీసీ ఒకచోట కూర్చుంటే వచ్చే మార్చిలోపు దీన్ని మొదలుపెట్టవచ్చు. ఘాట్ రోడ్డు మొదట్లో బండ్లు నిలిపే స్థలం, నీడ, మరుగుదొడ్లు, తాగునీరు కావాలి. అక్కడి నుంచి పొద్దున ఆరు మొదలు రాత్రి దాకా చిన్న బస్సులు వస్తూ పోతూ ఉండాలి. కడప, తిరుపతి, అనంతపురం నుంచి శనివారం తెల్లవారుజామున బయలుదేరి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చే బస్సులు వేయాలి. రాత్రి ఉండాలనుకునే పేద కుటుంబాలకు తక్కువ అద్దెతో పడక దొరకాలి. పైన కొత్త కట్టడాలకు అనుమతిచ్చే ముందు వాటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూపించమనాలి. మొదటి వేసవి శనాదివారాలకే పరిమితం చేసి, జూన్ చివర్లో కొండమీది జనాన్ని, దుకాణదారులను, బస్సు డ్రైవర్లను కూర్చోబెట్టి అడిగి, పైకి వదిలే బండ్ల సంఖ్యను పెంచాలో తగ్గించాలో తేల్చాలి.

— మదనపల్లె పాఠకుడొకరు