గేమింగ్ ఖాతాకు రెండో తాళం: ఇక ఐచ్ఛికంగా మిగలరాదు

బ్యాంకు కార్డుతో ఆన్‌లైన్‌లో చెల్లింపు జరిపేటప్పుడు ఫోన్‌కు వచ్చిన ఓటీపీని నమోదు చేయడం భారతీయులకు అలవాటైన పని. 2009 ఆగస్టు 1 నుంచే ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసింది. అదే కార్డుతో కొన్న వస్తువులు, నెలల తరబడి ఆడి సాధించిన ర్యాంకులు నిక్షిప్తమై ఉండే గేమింగ్ ఖాతాలకు మాత్రం అనేక సందర్భాల్లో ఒక్క పాస్‌వర్డే కాపలా. అక్కడ రెండో దశ ధ్రువీకరణ వినియోగదారుని ఇష్టానికి వదిలిన అంశం. ఈ వ్యత్యాసాన్ని పునరాలోచించవలసిన సమయం వచ్చింది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చింది. పందెపు ఆటల విషయంలో తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఇదే బాట పట్టాయి. చట్టం అనుమతించిన ఆటల్లో పందెం లేకపోవచ్చు గాని, విలువ లేకపోలేదు. బీజీఎంఐ వంటి ఆటల్లో పాత్రల దుస్తులకు, ఆయుధాల అలంకరణకు ఆటగాళ్లు నిజమైన రూపాయలే వెచ్చిస్తారు. పోటీల్లో పాల్గొనే క్రీడాకారునికైతే ఖాతాయే పనిముట్టు, అందులోని ర్యాంకే యోగ్యతాపత్రం. విలువ ఉన్నచోట దొంగతనమూ ఉంటుంది.

అంతర్జాతీయ అనుభవం ఇదే చెబుతోంది. 2011 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌పై జరిగిన దాడిలో సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల సమాచారం ప్రమాదంలో పడింది. ఆ సంస్థ రెండు దశల ధ్రువీకరణను అందుబాటులోకి తెచ్చింది 2016లో, అంటే ఐదేళ్ల తర్వాత. స్టీమ్ వేదికను నడిపే వాల్వ్ సంస్థ 2015 డిసెంబరులో, నెలకు దాదాపు 77 వేల ఖాతాలు చోరీకి గురవుతున్నట్లు స్వయంగా వెల్లడించింది. బాధితుల్లో కొత్తవారే కాదు, వృత్తి క్రీడాకారులూ ఉన్నారని పేర్కొంది. 2020లో నింటెండో సంస్థకు చెందిన సుమారు 3 లక్షల ఖాతాల్లోకి ఇతరులు చొరబడ్డారు. రెండు దశల ధ్రువీకరణను అమర్చుకోవాలని ఆ సంస్థ వినియోగదారులకు సూచించింది.

ఇటువంటి చోరీలకు ప్రధాన కారణాల్లో ఒకటి, ఒకే పాస్‌వర్డును అనేక చోట్ల వాడటం. ఎక్కడో ఒక వెబ్‌సైటు నుంచి బయటికి పొక్కిన పాస్‌వర్డును దొంగలు కంప్యూటర్ ప్రోగ్రాముల సాయంతో ఇతర సేవలన్నింటిలోనూ ప్రయత్నించి చూస్తారు. రెండు దశల ధ్రువీకరణ ఈ దారిని మూసివేస్తుంది. మొదటి దశ మనకు తెలిసిన రహస్యం, అంటే పాస్‌వర్డు. రెండో దశ మన చేతిలో ఉన్న వస్తువు, అంటే ఫోన్. రహస్యం బయటపడినా, వస్తువు చేతికి చిక్కనంతవరకు దొంగ గడప దాటలేడు.

అయితే రెండో దశలన్నీ సమానమైనవి కావు. గూగుల్ సంస్థ 2019లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, ఫోన్‌కు ఎస్సెమ్మెస్ ద్వారా పంపిన కోడ్ యాంత్రిక దాడులను 100 శాతం, మూకుమ్మడి ఫిషింగ్‌ను 96 శాతం అడ్డుకుంది. ఒక వ్యక్తినే లక్ష్యంగా చేసుకున్న దాడుల్లో మాత్రం దాని సామర్థ్యం 76 శాతానికి తగ్గింది. ఫోన్ తెరపైనే అనుమతి కోరే పద్ధతి అటువంటి దాడులను 90 శాతం నిలువరించింది. ఆథెంటికేటర్ యాప్‌లో సాధారణంగా 30 సెకన్లకొకసారి మారే కోడ్‌కు మొబైల్ సిగ్నల్ కూడా అవసరం లేదు. కనుక వీలున్నచోట యాప్‌ను ఎంచుకోవడం మేలు. ఎస్సెమ్మెస్ తప్ప మరో మార్గం లేనిచోట అదైనా ఉండటం, ఏదీ లేకపోవడం కన్నా ఎంతో నయం.

మన దేశ పరిస్థితుల్లో మరో మూడు విషయాలు గమనించాలి. మొదటిది, మొబైల్ ఆటల్లో చాలామంది గూగుల్ లేదా ఫేస్‌బుక్ ఖాతాతోనే ప్రవేశిస్తారు. అటువంటప్పుడు తాళం వేయవలసింది ఆటకు కాదు, ఆ మూల ఖాతాకు. అది చేజారితే ఆటతోపాటు ఈమెయిల్, ఫొటోలు కూడా పోయే ప్రమాదం ఉంది.

రెండోది, ఫోన్ నంబరు శాశ్వతం కాదు. వాడకం లేక రద్దయిన నంబరును 90 రోజుల గడువు తర్వాత మరొకరికి కేటాయించే వీలుంది. పాత నంబరుకు ముడిపడిన ఖాతా కోడ్‌లు ఆ అపరిచితునికి చేరవచ్చు. సిమ్ మార్చిన రోజే ఖాతాలోనూ నంబరు మార్చుకోవాలి. ఫోన్ పోయినప్పుడు అక్కరకు వచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితంపై రాసి ఇంట్లో భద్రపరచాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కోడ్‌ను మనమే అప్పగించడం. ఉచితంగా యూసీ, డైమండ్లు ఇస్తామనే లింకు, టోర్నమెంటు నమోదు పేరుతో వచ్చే ఫారం, చోరీకి గురైన స్నేహితుని ఖాతా నుంచి వచ్చే సందేశం మోసానికి మార్గాలు కాగలవు. నకిలీ పేజీలో మనం పాస్‌వర్డు ఇవ్వగానే దొంగ దానిని అసలు సైటులో నమోదు చేస్తాడు. అప్పుడు మన ఫోన్‌కు వచ్చేది నిజమైన కోడే. దానిని చెప్పిన క్షణంలో రెండో తాళం కూడా తెరుచుకుంటుంది. పిల్లలు ఆడే ఆటలకు అమ్మ లేదా నాన్న ఫోన్ నంబరు ఇచ్చిన ఇళ్లలో ఆ కోడ్ తల్లిదండ్రులకే వస్తుంది. పక్క గదిలోంచి అడిగిన వెంటనే చదివి వినిపించకుండా, "ఎందుకు వచ్చింది, ఎవరు అడిగారు" అని ఒక్క మాట అడిగితే చాలు, అనేక మోసాలు అక్కడే ఆగిపోతాయి.

నష్టం జరిగిన తర్వాత పరిస్థితిలోనూ పెద్ద అంతరం ఉంది. బ్యాంకు ఖాతాదారుని తప్పు గాని, బ్యాంకు లోపం గాని లేకుండా మోసం జరిగి, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే, నష్టం ఖాతాదారునిపై పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. గేమింగ్ ఖాతాకు అటువంటి హామీ లేదు. ఆటలో కొన్న వస్తువులు వినియోగదారుని సొత్తు కాదని, వాడుకొనేందుకు ఇచ్చిన అనుమతి మాత్రమేనని కంపెనీల నిబంధనలు సాధారణంగా చెబుతాయి. ఖాతాను తిరిగి ఇవ్వడం చాలావరకు కంపెనీ నిర్ణయంపైనే ఆధారపడి ఉంటుంది. డబ్బు కూడా పోయినట్లయితే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి.

పరిహారం దొరకని చోట ముందుజాగ్రత్తే రక్షణ. అయితే ఆ భారమంతా పదిహేనేళ్ల ఆటగాడిపైనే మోపడం న్యాయం కాదు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపుల్లో రెండో దశ ఇంతగా విస్తరించింది ప్రజలంతా దానిని కోరుకున్నందువల్ల కాదు, నియంత్రణ సంస్థ ఆదేశించినందువల్ల. ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించిన దేశం, ఆ క్రీడాకారుల ఖాతాల భద్రతకు కనీస ప్రమాణాన్ని నిర్దేశించడం సమంజసం. కొనుగోళ్లు జరిగే ప్రతి గేమింగ్ ఖాతాలో రెండో దశ మొదటి నుంచే అమలులో ఉండాలి. వద్దనుకున్నవారే దానిని తొలగించుకొనే ఏర్పాటు ఉండాలి. ఆ ప్రమాణం వచ్చేవరకు, ఖాతా సెట్టింగుల్లో వెచ్చించే ఐదు నిమిషాలే ఏళ్ల శ్రమకు రక్ష.