టి.సి. లేని చదువు

"టి.సి. ఏదమ్మా?"

కాలేజీ ఆఫీసు కిటికీలోంచి గుమాస్తా అడిగిన మొదటి మాట ఇది. నా పక్కన నిలబడ్డ మా ఆడపడుచు కూతురు ఒక్కసారి నా మొహంలోకి చూసింది. దాని చేతిలో ఫైలుంది. అందులో ఓపెన్ స్కూల్ వారి పదో తరగతి మార్కుల జాబితా, ఇంటర్ జాబితా, మైగ్రేషన్ సర్టిఫికెట్, ఆధార్ కార్డు అన్నీ ఉన్నాయి. ఒక్క బడి పేరు మాత్రం లేదు.

"ఇంట్లో చదువుకుందండీ. ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాసి ప్యాసయింది" అన్నాను.

"ఇంట్లోనా! ఇల్లు బడెలాగవుద్దమ్మా? ఏడో తరగతి తర్వాత ఏ ఊళ్లో, ఏ బడిలో సదివిందో ఆ స్టడీ సర్టిఫికెట్లు పట్టుకు రండి" అనేసి, మా వెనకున్న వాళ్లని పిలిచేశాడు.

ఇది 2025 నాటి మాట. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం చేరేదాకా ఆ పిల్ల నోరు విప్పలేదు. కొండ కనపడ్డాక మాత్రం "అత్తా, నేను చదివింది చదువు కాదా?" అంది. కథలు రాసేదాన్ని, మాటలకి కొదవ లేనిదాన్ని, ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

2020 మార్చిలో బడులు మూసేసినప్పుడు అది ఏడో తరగతి. మళ్లీ తెరిచేనాటికి వాళ్లమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. తండ్రి పొద్దున్న పనికి పోతే రాత్రికిగానీ ఇల్లు చేరడు. "గుంట బడికి పోతే దాని తల్లికి గంజెవులు పోస్తారే?" అన్నారు మా అత్తగారు. అదే వీధిలో ఉన్న నేను, డిగ్రీ చదువుకున్న కోడల్ని, "పోనీ లెండి, చదువు నేను చెప్తాను" అన్నాను. అందరూ సంతోషించారు. నిజం చెప్పొద్దూ, నేనూ సంతోషించాను.

మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక మా అరుగే బడి. తవ్వలో సగం సోల, మానికలో సగం తవ్వ అని కొలతలు ముందు పెట్టి భిన్నాలు చెప్పాను. గురుభక్తకొండ మీది బౌద్ధుల కట్టడాల దగ్గర కూర్చోబెట్టి చరిత్ర చెప్పాను. శివరాత్రి జాతరకి, భీష్మ ఏకాదశి నాటి స్వామివారి కల్యాణానికి సెలవు. మిగతా రోజుల్లో తల్లికి మందులేసి, పక్క సర్ది, పుస్తకాలు పట్టుకుని వచ్చేది. అలాగే పది ప్యాసయింది, ఇంటరూ ప్యాసయింది. ఇంత చదివిన పిల్లని "ఏ బడి?" అన్న ఒక్క ప్రశ్న ముందు నిలబెట్టి తలవంచుకునేలా చేయడం ఏం న్యాయం?

అసలు ఇంట్లో చదివి పరీక్ష కట్టడం మనకి కొత్తా? శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు విజయనగరంలో మెట్రిక్ ప్యాసై, పర్లాకిమిడిలో పంతులుద్యోగం చేసుకుంటూ ఎఫ్.ఏ., బి.ఏ. ప్రైవేటుగానే పూర్తిచేశారు. మనం ఈనాడు మాట్లాడుకునే భాషలోనే రాసుకోగలుగుతున్నామంటే ఆయన చలవే కదా!

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి చూడండి. చిన్నప్పుడే బడి మానేసి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి వచ్చి, ఆ తర్వాత బెనారస్ మెట్రిక్ పరీక్షకి కట్టి ప్యాసయ్యారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, ఆడపిల్లలకి హాస్టల్ లేదు, సీటు కుదరదన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి వచ్చెయ్యలేదు. పత్రికలో ప్రకటన ఇచ్చి, చదవాలనుకున్న అమ్మాయిల్ని పోగుచేసి, హాస్టల్ తామే నడుపుకుని మరీ చేరారు. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యాక, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలని తక్కువ కాలంలో పరీక్షలకి తయారుచేసే కోర్సులు 1958లో మొదలుపెట్టించారు. తను పడ్డ కష్టం మరొకరు పడకూడదనేగా!

ఆనాడు ఒక్కొక్కరు ఒంటరిగా తెరుచుకున్న తలుపులివి. ఈనాడు వాటికి చట్టబద్ధమైన దారులున్నాయి. జాతీయ స్థాయిలో 1989లో ఓపెన్ స్కూల్ వచ్చింది, మన రాష్ట్రంలో 1991లో వచ్చింది. 14 ఏళ్లు నిండితే పదో తరగతి పరీక్షకి కట్టవచ్చు. ఓపెన్ స్కూల్ చదువుని తక్కువగా చూసే నిబంధనని 2018లో ఢిల్లీ హైకోర్టు వైద్యవిద్య ప్రవేశాల విషయంలో కొట్టేసింది కూడా. డాక్టరు చదువుకే అడ్డు కానిది మామూలు డిగ్రీకి అడ్డెలా అవుతుంది?

అయితే అక్కచెల్లెళ్లూ, హక్కు ఉంటే చాలదు, కాగితమూ ఉండాలి. మా పరుగుల్లో మేం నేర్చుకున్నది చెప్తాను, రాసిపెట్టుకోండి. బడి మానిన రోజునే ఆ బడి నుంచి టి.సి., అప్పటిదాకా చదివిన స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని దాచండి. బడిలో చదవని సంవత్సరాలకి స్టడీ సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు. దాని బదులు ఏడేళ్లుగా ఇక్కడే ఉంటున్నట్టు తహసీల్దారు ఆఫీసు నుంచి నివాస ధృవీకరణ పత్రం తెచ్చుకోవాలి. స్థానికులమని రుజువు అదే. పరీక్ష పెట్టే సంస్థకి ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి. "పరీక్ష రాయక్కర్లేదు, ప్యాస్ గ్యారంటీ" అనేవాళ్ల గుమ్మం తొక్కకండి. డిగ్రీ దరఖాస్తులు ఆన్‌లైన్లో పెట్టేటప్పుడు ఏ బోర్డో సరిగ్గా ఎంచుకోండి, మార్కుల జాబితా మీద ఉన్న పేరే, ఉన్న అక్షరాలతోనే రాయండి.

ఆ నివాస పత్రం పట్టుకుని మేం మూడోసారి వెళ్లాం. ఈసారి కిటికీ దగ్గర ఆగకుండా నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాం. ఆయన కాగితాలన్నీ తిరగేసి, "ఏం చదవాలనుకుంటున్నావమ్మా?" అని అడిగారు. మొదటిసారిగా ఒకరు "ఎక్కడ చదివావు?" అనకుండా ఆ మాట అడిగారు. పిల్లకి చరిత్రతో బి.ఏ.లో సీటొచ్చింది.

కథైతే ఇక్కడ ముగించేద్దును. కానీ ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ పిల్లకి ఇష్టమైనది చరిత్ర కాదు, సైన్సు. నాకు వచ్చింది తెలుగూ చరిత్రా గనక, మా అరుగు మీద ప్రయోగశాల లేదు గనక, నా చదువే దాని చదువైంది. బాగా ఉన్నవాళ్లు పట్నాల్లో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటామంటే అది వాళ్లు ఏరుకున్న పద్ధతి. మన ఇళ్లలో "ఇంటి చదువు" అంటే చాలాసార్లు ఇంటి చాకిరీకి పెట్టిన ముద్దుపేరు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు బడిలో ఉండాలని 2009లో చట్టమే చేశారు. ఆరోజు నేను "చదువు చెప్తాను" అనడానికి బదులు "మధ్యాహ్నం వదినకి గంజి నేను పోస్తాను, పిల్లని బడికి పంపండి" అని ఉండాల్సింది. చదువు చెప్తానంటే మెచ్చుకుంటారు, గంజి పోస్తానంటే మెచ్చుకునేదెవరు? అందుకే అనలేదు కాబోలు.

మొన్న మా వీధిలోనే ఒకావిడ, చంటిబిడ్డని చూసుకోవడానికి ఎనిమిదో తరగతి కూతుర్ని మానిపిస్తానని, "మీరెలాగూ చెప్తారుగా" అని నా దగ్గరికొచ్చింది. నేను నోరు తెరిచేలోపు మా మేనకోడలు అడ్డొచ్చింది. "అత్తా, దాన్ని మన అరుగు మీదికి తేకు. బడికే పంపమను. సాయంత్రం వచ్చాక లెక్కలు నేను చెప్తాను" అంది.

కాలేజీ వారికి నేను చేసే మనవి ఒకటే. బడి లేని పిల్ల మీ కిటికీ ముందు నిలబడితే, లేని కాగితం అడిగే ముందు ఉన్న కాగితం చూడండి. తల్లులకి చేసే మనవి అంతకన్నా ముఖ్యం. ఆ కిటికీ ముందు అలా నిలబడే అవసరం మీ పిల్లకి రానివ్వకండి.