బరబరమంటే కొత్తది కొనాలా?

పాతబస్తీలో ఓ ఇంటి ముందు పదిహేనేళ్ల కారు. ఇంజిన్ భేషుగ్గా ఉంది. పాట పెడితే మాత్రం డిక్కీలోని సబ్‌వూఫర్ బరబరమంటోంది. కొత్తది కొనమంటారు పిల్లలు. మూసీ దాటి, పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్‌లో పాతది వెతుకుదామంటారు పెద్దాయన. జుమేరాత్ అంటే ఉర్దూలో గురువారం. పాత సామాన్లకు పేరుమోసిన సంత అది.

కొనే ముందు ఉన్నదాన్ని విప్పి చూడాలి. కంపెనీ బిగించిన సబ్‌వూఫర్లలో చాలావాటికి కోన్ చుట్టూ ఫోమ్ అంచు ఉంటుంది. ఎండకు, తేమకు ఏళ్ల తరబడి చివికి అది పొడిపొడిగా రాలిపోతుంది. పాడైంది అదొక్కటే అయితే స్పీకర్లు బాగుచేసే చోట కొత్త అంచు అతికిస్తే చాలు. కోన్‌ను రెండు వైపులా సమానంగా, మెల్లగా నొక్కినప్పుడు గీరుకున్న చప్పుడొస్తే మాత్రం లోపలి కాయిల్ రాసుకుంటున్నట్టే. మార్చడమే మేలు.

మార్చేటప్పుడు అంగుళాలొక్కటే చూస్తే చాలదు. ఓమ్‌లు కుదరాలి. 4 ఓమ్‌ల స్పీకర్ స్థానంలో 2 ఓమ్‌లది పెడితే ఆంప్లిఫయర్ మీద దాదాపు రెట్టింపు కరెంటు భారం పడుతుంది. అది వేడెక్కి కాలిపోవచ్చు. చవకలో దొరికిన స్పీకర్ కోసం ఖరీదైన ఆంప్లిఫయర్ పోగొట్టుకున్నట్టవుతుంది.

సంతకు మల్టీమీటర్ వెంట తీసుకెళ్లడం మంచిది. 4 ఓమ్‌ల స్పీకర్ నాలుగు కన్నా కాస్త తక్కువ చూపిస్తే కంగారక్కర్లేదు. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టే.

వెడల్పు, లోతు, ఓమ్‌లు రాసుకున్న చీటీ జేబులో ఉంటే పెద్దాయన బేరం సగం గెలిచినట్టే.