జింక బ్రాండు చూడదండీ

అమెరికాలో విల్లు వేట మొదలెట్టిన మన సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఓ జబ్బుంది. గురి కుదరకముందే వందల డాలర్లు పోసి ఆకుల బొమ్మలున్న జాకెట్ కొనేస్తారు. అదేంటంటే "విస్కాన్సిన్ చలి కదండీ" అంటారు. చలికీ బొమ్మలకీ ఏంటి సంబంధం?

అక్కడ విల్లు వేట సెప్టెంబరు మధ్యలో మొదలై జనవరి దాకా సాగుతుంది. చెమటలు పట్టే సాయంత్రాలూ, మంచు కురిసే ఉదయాలూ అదే సీజన్లో. ఒక్క మందపాటి కోటు రెండిటికీ ఎలా సరిపోతుంది? పొరలు కావాలి. ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ బనీను. నూలుది వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోయి వణికిస్తుంది. దానిమీద పాతబట్టల షాపులో దొరికే ఉన్ని స్వెట్టర్. పైన గాలి ఆపే, చప్పుడు చెయ్యని పొర ఒకటి. నడిచేటప్పుడు పై రెండూ సంచిలో పెట్టుకుని, మాటు దగ్గర వేసుకోవాలి. వదులు చేతులకి వింటితాడు తగిలితే బాణం దారి తప్పుతుంది, జాగ్రత్త.

జింకకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు, నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. జీన్స్ మానేసి మట్టిరంగు బట్టల్లో కదలకుండా కూర్చుంటే చాలు. తుపాకీ సీజన్లో ఎలాగూ విల్లు పట్టినవాళ్ళూ పైన మెరిసే నారింజరంగు వెయ్యాల్సిందే, 2016 నుంచి గులాబీ అయినా సరే. మీ ఖరీదైన ఆకులన్నీ దానికింద!

డబ్బు మీది, తగలేసుకోండి. కానీ వణికే చేత్తో వదిలిన బాణం జింకని చంపకుండా గాయం చేసి వదిలేస్తే, అది పొదల్లో గంటల తరబడి కొట్టుకుంటుంది. దానికి ఏ బ్రాండు జవాబు చెప్తుంది?