నైపుణ్యానికి తగిన విమానం

అల్ మన్సూరా అపార్టుమెంట్లలో నివసించే తెలుగువారికి రేడియో నియంత్రిత విమానంపై మక్కువ కలిగితే, మొదట మనసు పోయేది గిరికీలు కొట్టే విన్యాస విమానం మీదికే. దానిని కొనడం సులభం. క్షేమంగా నేలకు దింపడమే కష్టం.

శిక్షణ విమానానికి రెక్కలు దేహం పైభాగాన, కొసలు కొంత ఎత్తుగా ఉంటాయి. గాలికి ఒరిగినా, స్టిక్ వదిలితే అది చాలావరకు తానే సర్దుకుంటుంది. విన్యాస విమానంలో ఈ గుణాన్ని కావాలనే తగ్గిస్తారు. దాని రెక్కకు పైవంపు, క్రిందివంపు సమానం కనుక తలక్రిందులుగానూ చక్కగా ఎగురుతుంది. ఏ భంగిమలో ఉంచితే ఆ భంగిమలోనే సాగుతుంది. నిపుణునికి వరమైన ఈ గుణమే అభ్యాసకునికి శాపం.

ఖతార్ వేసవి ఈ కష్టాన్ని మరింత పెంచుతుంది. 45 డిగ్రీల వేడిలో గాలి, 15 డిగ్రీల గాలికంటే సుమారు 9 శాతం పలుచన. అందువల్ల రెక్కలు విమానాన్ని మోయగల కనీస వేగం దాదాపు 5 శాతం పెరుగుతుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో దూసుకువచ్చే కిలో బరువు విమానం తాకిడి, ఆరంతస్తుల మేడపై నుండి పడిన కిలో రాయి తాకిడికి సమానం. కూలినపుడు నలిగిన లిథియం పాలిమర్ బ్యాటరీ అంటుకోవచ్చు కూడా.

నేడు గైరోలు ఉన్నాయి కదా అని కొందరు వాదిస్తారు. గైరో ఒరిగిన విమానాన్ని నిలబెట్టగలదు; కాని ఎత్తు, వేగం రెండూ చాలనపుడు కాపాడలేదు. అది ఊతకర్రయే గాని కాళ్ళు కాదు.

భారత వైమానిక దళం అనుసరించే క్రమం ఇక్కడ గమనించదగినది. హైదరాబాదు సమీపంలోని దుండిగల్ అకాడమీలో 2013 నుండి ప్రాథమిక శిక్షణకు పిలాటస్ పీసీ-7 విమానాలను వినియోగిస్తున్నారు. సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు చేసే హాక్ జెట్ వంటివి తరువాతి మెట్లు. ఎంపికైన యువకులకే మెట్లు తప్పనపుడు, సెలవునాటి అభిరుచికి ఎలా తప్పుతాయి?

కనుక తొలుత కంప్యూటర్ సిమ్యులేటరు, పిదప నురుగు పదార్థంతో చేసిన పైరెక్కల శిక్షణ విమానం, ఆపై క్రిందిరెక్కల విమానం, చివరకు విన్యాస విమానం — ఇదే ఉచితమైన క్రమం. పక్కగాలిలో సైతం వరుసగా పదిమార్లు చెక్కుచెదరక దింపగలిగిన నాడే తరువాతి మెట్టు ఎక్కాలి. విమానాశ్రయం దూరంలేని నగరంలో మేడల నడుమ ఎగురవేయడం ఎంతమాత్రం తగదు. అధికారుల అనుమతితో, నిర్ణీత మైదానంలో, శీతాకాలపు ఉదయాన అనుభవజ్ఞుని చెంత నేర్వడం ఉత్తమం. విమానాన్ని ఎంచుకొనే ముందు ఎవరికి వారు తమ చేతిని తూచుకోవడమే అసలైన ఎంపిక.